ఛాంబర్ ఆఫ్ కామర్స్‌లో చేరితే చిన్న వ్యాపారికి ఏం ఒరుగుతుంది?

మీ ప్రశ్న చదివానండీ. తెనాలిలో గానుగ నూనె, కారం, పసుపు, ధనియాల పొడి ప్యాక్ చేసి చుట్టుపక్కల కిరాణా కొట్లకూ రెండు మూడు సూపర్ మార్కెట్లకూ వేస్తున్నారు. పనివాళ్లు ఆరుగురు. ఊళ్లో ఒక పెద్దాయన ఛాంబర్ ఆఫ్ కామర్స్, అంటే ఊరి వ్యాపారులందరి సంఘం, సభ్యత్వ ఫారం తెచ్చి చేతిలో పెట్టారు. మీ బావగారేమో "అది పెద్ద షావుకార్లు దండలు వేయించుకునే చోటు, మనకెందుకు" అంటున్నారు. చేరాలా వద్దా, చేరితే వ్యాపారం పెరుగుతుందా అన్నది మీ సందేహం.

బావగారి మాటలో సగం నిజముంది. దండలున్నాయి, శాలువాలున్నాయి, కొత్త అధికారి ఎవరొచ్చినా సన్మానం ఉంది. అయినా నేను చేరమనే చెబుతాను. కాకపోతే అమ్మకాలు పెరుగుతాయన్న ఆశతో మాత్రం చేరకండి. ఛాంబర్ మీ కారం ప్యాకెట్ ఒక్కటి కూడా అమ్మిపెట్టదు. దాని ఉపయోగం ఖర్చుల వైపు, చిక్కుల వైపు కనిపిస్తుంది. తెలియక కట్టే జరిమానా, రాకుండా ఆగిపోయిన బాకీ, ఒక్కరే వెళ్తే ఎవరూ పట్టించుకోని అర్జీ, ఇలాంటి చోట్ల.

నేను విజయవాడలో పౌచ్‌లు, లేబుళ్లు, అట్టపెట్టెల వ్యాపారం చేస్తాను. పచ్చళ్లవాళ్లు, నెయ్యివాళ్లు, మసాలావాళ్లే నా ఖాతాదారులు. ఛాంబర్‌లో ఇరవై ఏళ్లకు పైబడి సభ్యురాలిని, కొంతకాలం కార్యవర్గంలోనూ ఉన్నాను. కాబట్టి దండల సంగతీ తెలుసు, దండల వెనక జరిగే పనీ తెలుసు.

ముందు అదేమిటో తేల్చుకుందాం. చాలామంది దాన్ని ప్రభుత్వ ఆఫీసు అనుకుంటారు. కాదు. ఎక్కువ ఛాంబర్లు సొసైటీలుగా రిజిస్టర్ అయినవి, కొన్ని లాభాపేక్ష లేని కంపెనీలు. దానికి ఏ అధికారమూ లేదు. మీకు లైసెన్సు ఇవ్వలేదు, ఎవరి లైసెన్సూ రద్దు చేయలేదు. సభ్యుల చందాలతో నడుస్తుంది, సభ్యులే ఎన్నుకున్న కార్యవర్గం నడుపుతుంది. అలాగే వారం వారం పొద్దున్నే కలిసి ఒకరికొకరు ఖాతాదారులను పరిచయం చేసుకునే బీఎన్‌ఐ లాంటి గ్రూపులున్నాయి కదా, ఛాంబర్ అదీ కాదు. ఆ గ్రూపులో ఒక్కో వ్యాపారానికి ఒక్కరినే చేర్చుకుంటారు, రిఫరల్స్ ఇవ్వడమే అక్కడ పని. ఛాంబర్‌లో మీ పోటీదారూ ఉంటాడు, మీ పక్కనే కూర్చుంటాడు. మొదట్లో కాస్త ఇబ్బందిగా ఉంటుంది గానీ అసలు లాభం అక్కడే ఉంది. మీకొచ్చే సమస్యలు అతనికీ వస్తాయి, మీకంటే ముందే వచ్చి ఉంటాయి.

ఇది ఒక మెట్ల వరుస. కింద బజారు సంఘాలు: కిరాణా మర్చంట్స్, బంగారం, బట్టలు, రైస్ మిల్లర్లు. ఆ పైన ఊరి ఛాంబర్. దాని పైన రాష్ట్ర సమాఖ్య. ఆంధ్రలో విజయవాడ కేంద్రంగా ఏపీ ఛాంబర్స్ ఉంది, తెలంగాణలో హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎఫ్‌టీసీసీఐ. ఈ రెండోది 1917లో హైదరాబాద్ ఛాంబర్‌గా పుట్టి, తర్వాత ఉమ్మడి రాష్ట్రానికి ఫ్యాప్సీగా పేరు మోసి, విభజన తర్వాత ఇప్పటి పేరు పెట్టుకుంది. ఆ పైన ఢిల్లీలో ఫిక్కీ లాంటి దేశస్థాయి సమాఖ్యలు. తెల్లదొరల కంపెనీలకు మద్రాసులో 1836 నుంచే ఛాంబర్ ఉండేది. మనవాళ్ల గోడు అక్కడ వినేవాళ్లు లేక 1909లో దక్షిణ భారత వర్తకులు విడిగా సదరన్ ఇండియా ఛాంబర్ పెట్టుకున్నారు. అంటే పెద్దవాళ్ల ఛాంబర్‌లో చిన్నవాళ్ల మాట చెల్లదన్న మీ బావగారి అనుమానం వందేళ్ల కిందటిదే!

ఈ మెట్లు ఎలా పనిచేస్తాయో ఈమధ్య జరిగిన సంగతితో చెబుతాను. నేను కవర్ల వ్యాపారిని కాబట్టి ఆ వేడి నాకు బాగా తగిలింది.

2025 సెప్టెంబరు 3న జీఎస్టీ కౌన్సిల్ రేట్లు మార్చింది, అదే నెల 22 నుంచి అమలు. నెయ్యి, పచ్చళ్లు, మిక్చర్లు 12 శాతం నుంచి 5కి దిగాయి. మీ కారం, పసుపు, నూనె ముందు నుంచీ 5లోనే ఉన్నాయి కాబట్టి మీకు పెద్దగా తెలిసి ఉండదు. నా దగ్గరికి మాత్రం ఫోన్ల మీద ఫోన్లు. పాత ఎమ్మార్పీ అచ్చయిన కవర్లు రోల్స్ రోల్స్‌గా గోడౌన్లలో ఉన్నాయి. కొట్లలో సరుకు ఉంది. వాట్సాప్‌లోనేమో ఎవరికి తోచింది వాళ్లు రాస్తున్నారు: పాత కవరు వాడితే కేసు, ప్రతి ప్యాకెట్ మీదా స్టిక్కరు వేయకపోతే జరిమానా, పేపర్లో ప్రకటన ఇవ్వకపోతే సరుకు సీజ్. పచ్చళ్లాయన ఒకరు రోల్స్ అన్నీ తుక్కు కింద అమ్మేస్తానని బయల్దేరారు.

ఆ వారంలోనే మా ఛాంబర్‌లో ఒక సమావేశం పెట్టారు. ఒక జీఎస్టీ ప్రాక్టీషనరు, తూనికలు కొలతల శాఖ నుంచి ఒక అధికారి వచ్చారు. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ సెప్టెంబరు 9న ఇచ్చిన మొదటి ఉత్తర్వులో, ధర మార్చిన తయారీదారు రెండు పత్రికల్లో ప్రకటన ఇవ్వాలని ఉంది. పెద్ద కంపెనీకి అదో లెక్క కాదు, మనలాంటి వాళ్లకు ఒక నెల లాభం అక్కడికే సరి. ఇది కుదరదని ఊరి నుంచి రాష్ట్ర సమాఖ్యకు, అక్కడి నుంచి పైకి మొర వెళ్లింది. ఇలాంటి మొరలు దేశమంతటి నుంచీ వెళ్లాయి. 18న వచ్చిన సవరణలో ఆ ప్రకటన నిబంధన ఎత్తేశారు. పాత సరుకు మీద కొత్త ధర స్టిక్కరు వేయడం మీ ఇష్టం, వేస్తే మాత్రం పాత ధర కనపడుతూనే ఉండాలి, డీలర్లకు కొత్త ధరల సర్క్యులర్ పంపితే చాలన్నారు. అచ్చయి ఉన్న పాత కవర్లను ధర దిద్దుకుని 2026 మార్చి 31 దాకా వాడుకోవచ్చన్నారు. ఛాంబర్‌వాళ్లు ఇదంతా తెలుగులో ఒక్క పేజీ చేసి సభ్యులకు పంపారు. పచ్చళ్లాయన రోల్స్ గోడౌన్‌కి తిరిగొచ్చాయి.

ఆయనకు ఆ ఒక్క పేజీ వల్ల మిగిలిన డబ్బుతో ఎన్నేళ్ల చందా కట్టొచ్చో లెక్క వేయలేదు గానీ, చాలా ఏళ్లదే. ఆ ఉత్తర్వులు ప్రభుత్వ వెబ్‌సైట్‌లో అందరికీ ఉన్నవే కదా అంటారేమో. ఉన్నాయి. ఇంగ్లీషులో ఉన్నాయి, మీరు గానుగ దగ్గర నిలబడి ఉన్న వేళ ఉన్నాయి. మొదటిది చదివి రెండోది చూడకపోతే నష్టపోయేలా ఉన్నాయి.

మీకు నేరుగా పనికొచ్చే మరో సంగతి బాకీలు. సూపర్ మార్కెట్లకు వేస్తున్నానన్నారు, కాబట్టి ఈ కథ మీకు ఇప్పటికే మొదలై ఉండాలి. "వచ్చే వారం చెక్కు రెడీ అవుతుంది సార్", ఆ వచ్చే వారం నాలుగు నెలలకు గానీ రాదు.

2006 నాటి ఎంఎస్‌ఎంఈ చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న తరహా యూనిట్ నుంచి సరుకు కొన్నవాళ్లు ఒప్పందం రాసుకుంటే ఆ గడువులోగా డబ్బు ఇవ్వాలి. ఆ గడువు ఎట్టి పరిస్థితిలోనూ 45 రోజులు దాటకూడదు. ఒప్పందమే లేకపోతే 15 రోజులు. దాటితే రిజర్వ్ బ్యాంక్ ప్రకటించే బ్యాంకు రేటుకు మూడింతల వడ్డీ కట్టాలి, అదీ నెలనెలా చక్రవడ్డీ. ప్రభుత్వ ఆన్‌లైన్ పోర్టల్‌లో ఫిర్యాదు పెడితే, ఇలాంటి బాకీల కోసమే రాష్ట్రంలో ఉన్న ఫెసిలిటేషన్ కౌన్సిల్ విచారిస్తుంది. కౌన్సిల్ మీ పక్షాన తీర్పిస్తే, దాన్ని కోర్టులో సవాలు చేయాలనుకున్న కొనుగోలుదారు ముందు 75 శాతం డిపాజిట్ కట్టాలి. పైగా 2024-25 అసెస్‌మెంట్ సంవత్సరం నుంచి ఆదాయపు పన్నులో 43బీ(హెచ్) వచ్చాక, గడువులోగా మీకు ఇవ్వని డబ్బును కొన్నవాడు ఆ ఏడాది ఖర్చుగా చూపించుకోలేడు, ఇచ్చిన ఏడాదిలోనే చూపించుకోవాలి. మార్చి నెలలో చెక్కులు కాస్త త్వరగా కదులుతున్నాయంటే దాని చలవే.

ఇదంతా ఎవరైనా ఆడిటర్ చెబుతాడు. ఛాంబర్‌లో వినేది దీని తర్వాతి మాట. ఉద్యమ్ రిజిస్ట్రేషన్, అంటే చిన్న సంస్థలకు కేంద్రం ఇచ్చే నమోదు, ఉన్నా, కేవలం కొని అమ్మే వ్యాపారికి ఈ బాకీల రక్షణ లేదు. వర్తకులను 2021లో ఉద్యమ్‌లోకి చేర్చుకున్నది బ్యాంకు రుణాల ప్రాధాన్యం కోసమే. మీరు మిరపకాయలు కొని ఆడించి కారం చేస్తున్నారు కాబట్టి తయారీదారు. కానీ దుగ్గిరాల నుంచి పసుపు పొడిగానే తెచ్చి కవర్లలో నింపి అమ్ముతుంటే, అవతలివాళ్ల వకీలు "ఈయన వర్తకుడు, తయారీదారు కాదు" అని లేవనెత్తుతాడు. కాబట్టి ఉద్యమ్‌లో మీ పని ఏమని నమోదైందో ఈరోజే చూసుకోండి. ఆ నంబరు ప్రతి ఇన్‌వాయిస్ మీదా అచ్చు వేయించండి. సరుకు దింపినప్పుడు సంతకం, ముద్ర, తేదీ ఉన్న రసీదు తీసుకోండి. సూపర్ మార్కెట్ గోడౌన్ కుర్రాడు గీసే ముద్దర చాలదు, సరుకు అందిన తేదీ దగ్గరే గడువు మొదలవుతుంది.

ఇక్కడ ఇంకో చిక్కు ఉంది, అది చట్టంలో ఉండదు. ఫిర్యాదు పెట్టిన మర్నాడు ఆ సూపర్ మార్కెట్ మీ సరుకు షెల్ఫ్ మీంచి తీసేస్తుంది. అందుకే చాలామంది పెట్టరు. మా దగ్గర ఒక పొడుల వ్యాపారికి ఒక గొలుసు దుకాణం వాళ్లు బాగా ఎగ్గొట్టారు. ఆయన దగ్గర చీటీలు తప్ప సరైన కాగితం లేదు. ఛాంబర్ వివాదాల కమిటీవాళ్లు ఆ సంస్థ కొనుగోళ్ల మేనేజర్‌ను పిలిచి కూర్చోబెట్టారు. రావాల్సిన పనేమీ లేదు అతనికి. అయినా వచ్చాడు, ఎందుకంటే వాళ్ల దుకాణం ఉన్న భవనం ఓనరు, వాళ్లకు బియ్యం వేసే మిల్లరు, ఇద్దరూ ఛాంబర్ సభ్యులే. మూడు వాయిదాల్లో ఇస్తామని రాసిచ్చారు, సరుకు తీసుకోవడమూ ఆపలేదు. రెండు వాయిదాలు సమయానికే వచ్చాయి, మూడోదానికి మళ్లీ ఫోన్ చేయించాల్సి వచ్చింది. కోర్టుకు వెళ్తే ఇంతకంటే ఎక్కువే వచ్చేదేమో, ఎప్పటికో.

కరెంటు సంగతి చూడండి. బిల్లులో వచ్చే సర్దుబాటు ఛార్జీలు చూసి అందరం తిట్టుకుంటాం. కానీ కరెంటు పంపిణీ చేసే డిస్కమ్‌లు వచ్చే ఏడాదికి ఎంత కావాలో ఏటా విద్యుత్ నియంత్రణ మండలికి లెక్క ఇస్తాయి, మండలి బహిరంగ విచారణ పెట్టి అభ్యంతరాలు వింటుంది. ఎవరైనా రాయొచ్చు, వెళ్లి మాట్లాడొచ్చు. ఆ లెక్కల కట్టలు చదవడం మీ వల్లా కాదు, నా వల్లా కాదు. రాష్ట్ర సమాఖ్యలు ఆ విషయం తెలిసినవాళ్లతో చదివించి, చిన్న పరిశ్రమల కేటగిరీలో ఈ ఫిక్స్‌డ్ ఛార్జీ ఎందుకు ఎక్కువో, ఏ ఖర్చు ఒప్పుకోకూడదో రాసి ఇస్తాయి. అన్నీ నెగ్గవు. కొన్ని నెగ్గుతాయి, వాటి ఫలితం సభ్యుడు కానివాడికీ అందుతుంది. ఈ మాట మీ బావగారికి చెప్పకండి, "అయితే చేరకుండానే వస్తుంది కదా" అంటారు. ఆ మాటా నిజమే. కాకపోతే ఆ వినతిపత్రంలో మీలాంటి చిన్న పొడుల మిల్లు బాధ ఒక పేరాగా ఎక్కాలంటే, అది రాసేవాళ్లకు ఆ బాధ చెప్పేవాళ్లు ఉండాలి. చెప్పకపోతే స్పిన్నింగ్ మిల్లుల బాధ ఒక్కటే ఎక్కుతుంది.

మున్సిపాలిటీ విషయాలూ ఇంతే. బజారును వన్ వే చేస్తే సరుకు ఆటోలు ఎక్కడ ఆపాలి, ట్రేడ్ లైసెన్సు ఫీజు ఒక్కసారిగా ఎందుకు పెరిగింది, కాలువ పూడిక ఎప్పుడు తీస్తారు. కమిషనర్ మీ ఒక్కరికి సమయం ఇవ్వడు. ఛాంబర్ లెటర్‌హెడ్ మీద వెళ్తే ఇస్తాడు. అంతకు మించి చెప్పడానికి ఇందులో విశేషం లేదు.

ఎగుమతి ఆలోచన ఉంటే మాత్రం ఇంకో కారణం చేరుతుంది. అమెరికాలోనో సింగపూర్‌లోనో తెలుగువాళ్ల కొట్లకు కారం పంపుదామని మీ చుట్టాలెవరో ఎప్పుడో అడిగే ఉంటారు. అప్పుడు ఎగుమతి దిగుమతులకు ఇచ్చే ఐఈసీ కోడ్ కావాలి, మసాలా దినుసులు కాబట్టి స్పైసెస్ బోర్డులో ఎగుమతిదారుగా నమోదు కావాలి. దిగుమతి చేసుకునేవాళ్లు చాలాసార్లు సర్టిఫికెట్ ఆఫ్ ఆరిజిన్ అడుగుతారు, అంటే ఈ సరుకు భారత్‌లో పుట్టిందేనని ధ్రువపత్రం. సుంకం రాయితీతో సంబంధం లేని మామూలు రకం పత్రాన్ని, విదేశీ వాణిజ్యం చూసే కేంద్ర సంస్థ డీజీఎఫ్‌టీ గుర్తించిన ఛాంబర్లు ఇస్తాయి, దరఖాస్తు ఇప్పుడు ఆన్‌లైన్‌లోనే. ప్రతి ఊరి ఛాంబర్‌కూ ఆ గుర్తింపు ఉండదు, కాబట్టి మీ ఊరి దానికి ఉందో లేదో అడగండి. లేకపోతే గుర్తింపు ఉన్న మరో సంస్థ ద్వారా తీసుకోవచ్చు. దుబాయ్ లాంటి చోటికి ఒప్పందం కింద సుంకం తగ్గించుకుని పంపాలంటే కావలసిన పత్రం వేరు, దానికి నిబంధనలూ వేరు, ఇచ్చేవాళ్లూ వేరు. ఈ రెండూ కలిపేసుకుని సరుకు రేవులో ఇరుక్కున్నవాళ్లను చూశాను. విదేశీ ప్రదర్శనకు వెళ్లేటప్పుడు వీసా కోసం సిఫారసు ఉత్తరం కూడా ఛాంబర్లు ఇస్తాయి.

ఇక పరిచయాలు. నెట్‌వర్కింగ్ అని పెద్ద మాట వాడతారు గానీ, అసలు ఏం జరుగుతుందో మీ వ్యాపారంతోనే చెబుతాను. కొత్త మిర్చి మార్కెట్ యార్డుకు వచ్చే ఫిబ్రవరి, మార్చిలో ధర కాస్త దిగుతుంది. అప్పుడు టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, కొని ఏసీలో (కోల్డ్ స్టోరేజీలో) పెట్టుకోగలిగితే ఏడాదంతా ఒకే రంగు, ఒకే ఘాటు ఉన్న కారం ఇవ్వగలరు. డబ్బు చేతిలో ఉండదు కాబట్టి మీలాంటి చాలామంది నెలనెలా కొంటారు, ప్రతి నెలా కారం రంగు మారుతుంది, కొట్టువాడు గొణుగుతాడు. ఏసీ రసీదు మీద బ్యాంకు అప్పు ఇస్తుంది. కానీ ఏ బ్రాంచి మేనేజర్‌కు ఆ పని తెలుసు, ఏ ఏసీలో తేమ సరిగ్గా చూస్తారు, ఏ కమీషన్ ఏజెంటు రంగుపోయిన తాలు కాయలు కలపకుండా పంపుతాడు, ఇవి గూగుల్‌లో దొరకవు. ఛాంబర్ సమావేశం అయ్యాక టీ తాగే పది నిమిషాల్లో దొరుకుతాయి. నన్నడిగితే సమావేశం కంటే ఆ టీ ముఖ్యం. ఉపన్యాసం అవగానే కారెక్కి వెళ్లిపోయేవాళ్లే తర్వాత "ఛాంబర్‌లో ఏముంది" అంటారు.

అప్పుల విషయంలోనూ అంతే. చిన్న వ్యాపారుల అప్పుకు బ్యాంకులకు హామీగా నిలిచే సీజీటీఎంఎస్‌ఈ పథకం కింద తనఖా లేకుండా ఇచ్చే రుణాల పరిమితిని 2025 ఏప్రిల్ నుంచి 10 కోట్లకు పెంచారు. చిన్న ఆహార యూనిట్లకు పీఎంఎఫ్‌ఎంఈ పథకంలో ప్రాజెక్టు ఖర్చులో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల సబ్సిడీ పెట్టారు. పథకాల గడువులు మారుతుంటాయి, కొత్తవి వస్తుంటాయి, కాబట్టి ఇప్పుడు ఏది తెరిచి ఉందో కనుక్కోండి. కాగితం మీద తనఖా అక్కర్లేదని ఉన్నా బ్రాంచికి వెళ్తే "ఇంటి దస్తావేజు తెండి" అంటారు. ఛాంబర్ పిలిస్తే, జిల్లాలో బ్యాంకుల పనిని సమన్వయం చేసే లీడ్ బ్యాంకు మేనేజర్ వచ్చి కూర్చుంటారు. అందరి ముందూ లేచి బ్రాంచి పేరు చెప్పి అడిగితే, ఆయన ఆ బ్రాంచికి ఫోన్ చేయక తప్పదు. మా దగ్గర ఒక అమ్మాయికి బేకరీ ఓవెన్ అప్పు అలాగే కదిలింది.

ఇప్పుడు చేదు మాటలు. ఎన్నికలప్పుడు ప్యానెళ్లు, కులాల లెక్కలు, విందులు, అన్నీ ఉంటాయి. కొన్ని ఊళ్లలో ఒకే నాలుగు కుటుంబాలు కుర్చీలు మార్చుకుంటాయి. కొన్నిచోట్ల ఛాంబర్ అంటే కల్యాణ మండపం అద్దెకిచ్చే ఆఫీసు, అంతే. ఎవరైనా నాయకుడి పుట్టినరోజుకు పేపర్లో ప్రకటన వేయించడానికి చందా అడుగుతారు. దానికి వద్దనడం మొదటే నేర్చుకోండి, ఒకసారి ఇస్తే మీ పేరు ఆ జాబితాలో ఉండిపోతుంది. ఆడవాళ్ల సంగతి చెప్పాలంటే, నేను చేరిన రోజుల్లో నన్ను చూసి "మీ వారు రాలేదా అమ్మా" అని అడిగేవాళ్లు. ఇప్పుడు అడగడం మానేశారు గానీ కార్యవర్గంలో మా సంఖ్య ఇంకా పలచగానే ఉంది. మీ ఇంట్లోవాళ్లు వ్యాపారం చూసుకుంటుంటే అలీప్ గురించి చెప్పండి. 1993లో మహిళా పారిశ్రామికవేత్తలు పెట్టుకున్న సంఘం అది, హైదరాబాద్ గాజులరామారంలో సొంతంగా పారిశ్రామిక ఎస్టేట్ నడిపారు.

కాబట్టి ఫారం నింపే ముందు మీ ఊరి ఛాంబర్ ఏ రకమో చూడండి. గత ఏడాది ఏయే అధికారులకు ఏయే వినతిపత్రాలు ఇచ్చారో చూపించమనండి. నాలుగైదు కాగితాలు తీసి చూపిస్తే మంచి గుర్తు. ఫొటోల ఆల్బమ్ తీసి చూపిస్తే ఇంకో గుర్తు. ఆడిట్ అయిన జమాఖర్చులు సర్వసభ్య సమావేశంలో పెడుతున్నారా అని అడగండి, సొసైటీ కాబట్టి పెట్టాలి. సభ్యులకు పంపే సర్క్యులర్లు ఒకటి రెండు తీసుకుని చదవండి. ఒక సమావేశానికి అతిథిగా వస్తానంటే ఎవరూ కాదనరు. వెళ్లినప్పుడు వేదిక మీద కాకుండా కింద ఎవరు కూర్చున్నారో చూడండి. మీ సైజు వ్యాపారులు, అంటే పదిమంది లోపు పనివాళ్లున్నవాళ్లు, కొందరైనా కనపడితే చేరొచ్చు. అందరూ మిల్లు ఓనర్లూ కార్ల డీలర్లూ అయితే ముందు కిరాణా మర్చంట్స్ సంఘంలోనో ఆహార ఉత్పత్తిదారుల సంఘంలోనో చేరి, ఆ సంఘం తరఫున ఛాంబర్‌కు వెళ్లండి. చాలా ఛాంబర్లలో సంఘాలకు కూడా సభ్యత్వం ఉంటుంది.

చందా ఊరిని బట్టి ఉంటుంది. సాధారణ సభ్యత్వం, జీవిత సభ్యత్వం, పేట్రన్ అని రకాలు పెడతారు. పెద్దాయన మొహమాటపెట్టినా జీవిత సభ్యత్వం ఇప్పుడే వద్దు, ఏడాదిది తీసుకోండి. ఛాంబర్‌కు జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉంటే చందా మీద పన్ను వేస్తారు, రసీదు మీ సంస్థ పేరు మీద, మీ జీఎస్టీ నంబరుతో తీసుకోండి. సొంత పేరు మీద రాయించుకుంటే ఆడిటర్ దాన్ని వ్యాపార ఖర్చులో వేయడానికి తటపటాయిస్తాడు. ఎన్నికల్లో ఓటు హక్కు చేరిన వెంటనే వస్తుందా, కొంత కాలం ఆగాలా అన్నది ఆ ఛాంబర్ బైలాలో, అంటే నియమావళిలో ఉంటుంది, ఒక కాపీ అడిగి తీసుకోండి.

చేరాక ఏదో ఒక ఉపసంఘంలో పేరు ఇవ్వండి. జీఎస్టీ కమిటీ, ఎంఎస్‌ఎంఈ కమిటీ, ఆహార పరిశ్రమల కమిటీ, ఏది ఉంటే అది. అక్కడ పని చేసేవాళ్లు ఎప్పుడూ తక్కువే కాబట్టి కొత్తవాళ్లను ఆనందంగా తీసుకుంటారు. మినిట్స్ రాయమంటే రాయండి, వినతిపత్రం తెలుగులో దిద్దమంటే దిద్దండి. అధికారి దగ్గరికి వెళ్లే నలుగురిలో మీరొకరు అవుతారు. తర్వాత మీ సొంత పని మీద అదే ఆఫీసుకు వెళ్లినప్పుడు గుమ్మం దగ్గర పేరు చెప్పుకోవాల్సిన అవసరం ఉండదు. చందా కట్టి ఇంట్లో కూర్చుంటే మాత్రం గోడకు తగిలించుకునే సర్టిఫికెట్ ఒకటి వస్తుంది, మీ బావగారి మాట నిజమవుతుంది.

వ్యాపారం ఇంకా ఇంటి వంటగదిలోనే ఉండి, అమ్మకమంతా ఇన్‌స్టాగ్రామ్ మీద కొరియర్‌లో పోతున్నవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, మీకు ఇప్పుడే అక్కర్లేదు. ఆ డబ్బు పెట్టి ముందు ఆహార భద్రతా సంస్థ ఇచ్చే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు, ప్యాకెట్ మీద ఉండాల్సిన బరువు, తయారీ తేదీ, ఎమ్మార్పీ, వినియోగదారుల ఫిర్యాదు నంబరు సరిచేసుకోండి. గోడౌనూ పనివాళ్లూ ఊళ్లో బాకీలూ మొదలైనప్పుడు ఛాంబర్ సంగతి చూద్దురుగాని.

తెనాలి తమ్ముడికి చివరగా ఒకటి. సభ్యత్వ ఫారంలో సాధారణంగా ప్రతిపాదించేవారు, బలపరిచేవారు అని రెండు సంతకాలు అడుగుతారు. ఒకటి ఆ పెద్దాయన చేస్తారు. రెండోది కూడా ఆయన్నే ఎవరితోనైనా చేయించి తెమ్మనకండి. మీ రంగంలో ఉన్న సభ్యుడెవరో కనుక్కుని, ఆయిల్ మిల్లాయనో మసాలా ఆయనో, మీరే కొట్టుకు వెళ్లి సంతకం అడగండి. వెళ్లినప్పుడు మీ కారం ప్యాకెట్ ఒకటి పట్టుకెళ్లండి, లేబుల్ మీద ఏమైనా తప్పుందేమో చూసి పెట్టమనండి.